మామయ్యగారి చెవీ, మా కంప్యూటర్ ఫ్యానూ

మా మామగారిని ఈ చుట్టుపక్కల వీధుల్లో ఎవరూ పేరుపెట్టి పిలవరు. మిషన్ డాక్టరుగారు అంటారు. కుట్టుమిషన్లకు డాక్టరన్నమాట. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఎవరో ఒకావిడ తలుపు తట్టి, డాక్టరుగారున్నారా, పొద్దుటినుంచీ ఒకటే మూలుగు అంది. ఇది ఆసుపత్రి కాదండీ, పక్క వీధిలో చూడండి అని పంపించేశాను. మూలుగుతున్నది ఆవిడ మిషనని తరవాత తెలిసింది. బేరం పోయినందుకు మామగారు నన్నేమీ అనలేదు గానీ, ఆ సంగతి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించారు. ఇప్పటికీ చెబుతూనే ఉన్నారు.

ఆయన వైద్యం చూసితీరాలి. ముందే మిషను విప్పరు. తొక్కమంటారు, కళ్ళు మూసుకుంటారు. తరవాత మూరెడు పొడుగున్న స్క్రూడ్రైవర్ ఒకటి తీసి, దాని మొనని మిషను ఒంటికీ, పిడిని తన చెవి వెనకాల ఎముకకీ ఆనించి వింటారు. ఒకచోట విని, ఇంకోచోటికి జరిపి మళ్ళీ వింటారు. "షటిల్ అరిగింది" అంటారు, లేదా "దారప్పోగు ఇరుక్కుంది, అంతే" అంటారు. విప్పి చూస్తే అదే. రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్ళూ ఇలాగేనట. హాలు నిండా మిషన్లు ఒకేసారి హోరెత్తుతుంటే ఆ మధ్యలోంచి నడుచుకుంటూ వెళ్ళి, సరిగ్గా జబ్బుచేసిన మిషను దగ్గర ఆగేవారట. ఫ్యాక్టరీ మానేశాక సొంతంగా కొట్టు పెట్టుకున్నారు. బట్టలు కుట్టించుకునేవాళ్ళు తగ్గిపోయి దర్జీలే కరువయ్యాక, కొట్టు మూసేసి, మిగిలిన మిషన్లని ఇంటి వెనక గదిలోకి చేర్చారు. కొట్టయితే మూశారు గానీ వైద్యం మానలేదు.

ఆయనకో సిద్ధాంతం ఉంది. "కదలనిది చప్పుడు చెయ్యదమ్మాయ్. చప్పుడొస్తోందంటే కదిలేదేదో ఎండిపోయిందన్నమాట. కాస్త నూనె వేస్తే అదే ఊరుకుంటుంది." మిషన్లకే కాదు, మనుషులకీ ఇదే వైద్యం. కొడుకులిద్దరూ మాటా మాటా అనుకుంటే ఇద్దరి వీపూ నిమిరి పంపేస్తారు. పైవాటావాళ్ళు నీళ్ళకోసం గొడవకొస్తే కూర్చోబెట్టి టీ ఇప్పిస్తారు. అసలు గొడవెందుకొచ్చిందని మాత్రం అడగరు. చప్పుడు ఆగితే చాలు ఆయనకి. ఆ సిద్ధాంతం నా ఉద్యోగం మీదికి వచ్చింది కాబట్టే ఇదంతా చెబుతున్నాను.

నాది ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. ఒక పెద్ద ఆసుపత్రికి ఫోన్ చేసేవాళ్ళకి ఇంట్లో కూర్చునే జవాబు చెప్పాలి. ఏ డాక్టరు ఏ రోజు ఉంటారో, ఏ కాగితాలు తెచ్చుకోవాలో, పరగడుపున రావాలో అక్కర్లేదో చెప్పాలి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పాలి. మా పాప ఇంకా పాలు మానలేదు, బయటి ఉద్యోగం ఇప్పట్లో కుదరదు. వెతగ్గా వెతగ్గా ఇదొక్కటి దొరికింది, అదీ ఇంకా ఖాయం కాలేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో నేను చేసే పనులన్నీ కోడలిగానో, భార్యగానో, తల్లిగానో చేసేవే. తలుపేసుకుని చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకున్న ఆ కాసేపే నేను నేనుగా ఉంటాను. అది పోతుందంటే నాకు ఊపిరాడలేదు. ఇంతోటి ఉద్యోగానికి అంత బాధేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి.

కంప్యూటరు మా ఆయన తెచ్చినది. వాళ్ళ ఆఫీసులో పాతవి తీసేస్తుంటే ఒకటి మోసుకొచ్చారు, మోకాలెత్తు నల్ల డబ్బా. ఇంట్లో గట్టి తలుపున్నది వెనక గదికే కాబట్టి, మామగారి మిషన్లకీ అత్తయ్య కుట్టుపనికీ మధ్య కాస్త చోటు చేసుకుని అక్కడే పెట్టుకున్నాను. కొన్నాళ్ళు బాగానే ఉంది. తరవాత దాని లోపలి ఫ్యాను గొంతు సవరించుకోవడం మొదలుపెట్టింది. పొద్దున్న సన్నగా ఉండేది. కాసేపు పని చేసేసరికి రొద పెరిగేది, ఆ తరవాత అది ఈలగా మారేది. ఫోన్ చేసినవాళ్ళు, ఏమ్మా, బస్సులో ఉన్నావా అనేవారు.

మా టీమ్ లీడర్ మంచి మనిషే. మొదటిసారి నవ్వుతూ, మీ వెనకాల పిండిమర ఏమైనా ఉందా అండీ అని అడిగింది. రెండోసారి నవ్వలేదు. వచ్చే బుధవారం ఒక గంటసేపు నా ఫోన్లన్నీ వింటామనీ, అప్పుడూ ఆ రొద ఉంటే ఇంటి నుంచి పని ఇక కుదరదనీ, ఆఫీసుకే రావాలనీ, రాలేకపోతే ఆ సీటు ఇంకొకరికి ఇస్తామనీ చెప్పింది. ఆఫీసు ఊరికి ఆ చివర. పాపని వదిలి నేను వెళ్ళలేను. ఫ్యాను నోరైనా మూయించాలి, లేకపోతే నేనైనా మూసుకుని కూర్చోవాలి.

కంప్యూటర్ షాపాయన్ని పిలుద్దామన్నాను. అన్నది మా ఆయనతో, నెమ్మదిగా, గదిలో. ఆయన ఆ మాట పట్టుకెళ్ళి సరాసరి తండ్రిగారి ముందు పెట్టారు. మామగారు వెంటనే అన్నం దగ్గర నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, స్క్రూడ్రైవర్ తెచ్చుకోవడానికి వెళ్ళారు. ఇంట్లో నాన్న ఉండగా బయటివాళ్ళని పిలిస్తే ఆయన చిన్నబుచ్చుకోరూ అన్నారు మా ఆయన. నేను చిన్నబుచ్చుకుంటానేమోనన్న ఆలోచన ఈ ఇంట్లో ఎవరికీ రాదు.

మామగారు డబ్బా పక్క రేకు విప్పారు. ఫ్యాను తిరుగుతుండగానే చట్రానికి స్క్రూడ్రైవర్ ఆనించి, కళ్ళు మూసుకుని విన్నారు. తరవాత కరెంటు ఆపించి, మరలు తీసి, ఫ్యానుని అరచేతిలోకి తీసుకున్నారు. మధ్యలో అంటించిన బిళ్ళ కాగితాన్ని గోటితో లేపి, మిషను నూనె చుక్కలుగా వేసి, రెక్కల్ని వేలితో తిప్పి చూసి, మళ్ళీ ఎక్కడిదక్కడ బిగించారు. పని మాత్రం నీటుగా చేశారు, అందులో వంక పెట్టడానికేమీ లేదు. స్విచ్ వేయించి, హాయిగా ఉంది, ఇక నీ ఫోన్లు నువ్వు చేసుకో అన్నారు. నిజంగానే కాసేపు నెమ్మదిగా ఉంది. ఒక ఫోన్ అయ్యేసరికి మళ్ళీ ఈల.

"ఇంకా ఈల వస్తోంది మామయ్యగారూ" అన్నాను.

"ఈల వస్తోందిట" అంది అత్తయ్య, సంచీకి అంచు కుడుతూ.

అత్తయ్యకి అదో అలవాటు. నేనేమన్నా ఆ మాట చివర పట్టుకుని, మామగారి వైపు తిరిగి, గట్టిగా ఇంకోసారి అంటుంది. నా మాటకి ఆవిడ ముద్ర పడితేగానీ చెల్లదా అని నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో అందరూ కలిసి నన్ను చిన్నపిల్లని చేసినట్టుండేది.

మర్నాడు మళ్ళీ నూనె. ఆ మర్నాడు ఇంకాస్త నూనె. మిషన్ల కాళ్ళ కింద వేసే గుడ్డ మెత్తలు తెచ్చి డబ్బా కిందా పెట్టారు. అదురు నేలకి దిగకపోతే చప్పుడు పెరగదట. ఫ్యాను అదురుకి కాదు ఏడుస్తున్నది, ఇంకేదో ఉంది మామయ్యగారూ అని మొత్తుకున్నాను. కదిలేది అదొక్కటే కదమ్మా, ఇంక దేన్ని అనుమానించను అన్నారు. చిన్నపిల్లకి ఎక్కాలు చెప్పినంత ఓపిగ్గా చెప్పారు. ఆ ఓపిక చూస్తే నాకింకా మండింది.

మధ్యలో అత్తయ్య తన వంతు సాయం చేసింది. నేను ఫోన్లో ఉండగా పిల్లిలా లోపలికి వచ్చి, చప్పుడు బయటికి రాకూడదని, డబ్బా మీద బొంత కప్పి పోయింది. ఆ పని నేను చూసుకోలేదు. ఒకాయన తన భార్య ఆపరేషన్ తేదీ రాసుకుంటున్నారు. సగం తేదీ చెప్పానో లేదో, ఎదురుగా తెర చీకటైపోయింది. వేడెక్కి ఆగిపోయింది కంప్యూటరు. అది మళ్ళీ లేచేసరికి ఆయన ఫోన్ పెట్టేశారు. బొంత తీసి ముడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి, ఇప్పుడేమీ వినపడటం లేదు చూడు అంది.

ఆ సాయంత్రం మామగారితో కాస్త గట్టిగానే అన్నాను. ఈల వీధిలోకి వినపడుతోందని, మీకు వినపడటం లేదంటే నేనెలా నమ్మనని. ఆయన తాపీగా స్క్రూడ్రైవర్ ఆనించి, చాలాసేపు విన్నారు. "వెన్నలా తిరుగుతోందమ్మాయ్. దీనిలో దోషం లేదు. రోజంతా అది చెవులకి తగిలించుకుని కూర్చుంటావు, నీ చెవుల్లోనే హోరు పట్టుకున్నట్టుంది. ఒకసారి చూపించుకో."

నా చెవులు. నేను చూపించుకోవాలి. తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆయన్ని పిలిచి, మీరు చెప్పండి, చప్పుడుందా లేదా అని నిలదీశాను. ఆయన తండ్రి మొహం చూసి, నా మొహం చూసి, ఉంది గానీ మరీ అంత లేదు అన్నారు. గోడమీద పిల్లి అంటే ఈయనే. ఆ రోజు నుంచి మామగారితో మాట తగ్గించేశాను. ఆయన, ఏంటమ్మాయ్, ఏదో అన్నావు అని అడిగితే, ఏం లేదులెండి అనేసి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒకే మాట ఎన్నిసార్లని చెబుతాను ఎవరికైనా.

మంగళవారం ఎవరిదో మిషను చూడటానికి మామగారు బయటికి వెళ్ళారు. ఆయన వీధి మలుపు తిరిగారో లేదో నేను కంప్యూటర్ షాపుకి ఫోన్ చేశాను. ఇప్పుడు రాలేను, రెండ్రోజులాగండి అన్నాడు ఆ షాపాయన. రెండ్రోజులాగితే నా పని అయిపోతుందని చెబితే జాలిపడి, అయితే నేను చెప్పినట్టు చెయ్యండి అన్నాడు. కరెంటు తీసేసి, ప్లగ్గు పీకి, ఫ్యాను విప్పమన్నాడు. ఫ్యానుని పక్కన పెట్టేయండి, దాన్ని చూడకండి, దాని కింద సన్నటి రేకులు దగ్గరదగ్గరగా ఉంటాయి, వాటి మధ్య ఏముందో చూడండి అన్నాడు.

రేకులే కనపడలేదు. వాటి మీద ఒక చిన్న పరుపు ఉంది. అత్తయ్య కుట్టిన బట్టలన్నిటి నూగూ అందులో ఉంది. ఎర్రది, నీలంది, స్కూలు సంచుల ఖాకీది, అన్నీ పొరలు పొరలుగా పేరుకుని, మామగారు రోజూ వేసిన నూనె చింది తడిసి, అట్ట కట్టుకుపోయి ఉన్నాయి. రేకుల్లోంచి గాలి పోయే దారి లేదు. గాలి పోకపోతే లోపల వేడెక్కుతుంది, వేడెక్కితే చల్లబరచడానికి ఫ్యాను ఇంకా జోరుగా తిరుగుతుంది, అందుకే ఆ గోల అన్నాడు షాపాయన. ఫ్యానుకి ఏ జబ్బూ లేదు. కదలకుండా పడి ఉన్నదాని వల్ల అది అరుస్తోంది. మామగారు దాన్ని అన్నిసార్లు విప్పీ, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. కదలనిది చప్పుడు చెయ్యదు కదా.

మిషన్లు తుడిచే బ్రష్షూ, దారాలు లాగే చిన్న పట్టకారూ తీసుకుని, ఆ పరుపుని ముక్కలుముక్కలుగా పీకాను. నూనె జిడ్డుని గుడ్డతో తుడిచి, అన్నీ బిగించి, మెత్తలు తీసేసి, స్విచ్ వేశాను. వేసిందీ లేనిదీ తెలియలేదు. అరగంట పని చేశాను, ఒక గంట చేశాను. గోడ గడియారం టిక్కుటిక్కుమనడం ఆ గదిలో మొదటిసారి విన్నాను. సంతోషంతో పాపని ఎత్తుకుని గిరగిరా తిప్పాను.

మామగారు వచ్చారు. చప్పుడు పోయింది మామయ్యగారూ అన్నాను. అసలు సంగతి చెప్పడానికి నోరు తెరిచేలోపే ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, నూనె ఇప్పటికి పట్టింది. వేసిన వెంటనే పని చెయ్యదమ్మాయ్, ఇంకడానికి టైమివ్వాలి." మా ఆయన ఆఫీసునుంచి రాగానే, నాన్న చెయ్యి పడితే అంతే అన్నారు. నేను మింగలేక కక్కలేక ఊరుకున్నాను. నా వేళ్ళకి ఇంకా జిడ్డు వాసన పోలేదు. సరే, ఎవరి పేరైతేనేం, రేపు గడిస్తే చాలనుకున్నాను.

బుధవారం పాపకి పాలు పట్టి, నిద్రపుచ్చి, అత్తయ్యకి అప్పగించాను. ఒక్క గంట ఎవరూ మాట్లాడొద్దని అందరికీ దణ్ణం పెట్టి చెప్పాను. నేనుంటాగా అన్నారు మామగారు. వెనక గది తలుపు బయట కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఆయన్ని అలా చూస్తే, ఇన్నాళ్ళ కోపంలోనూ, కాస్త బాగానే అనిపించింది. తలుపేసుకున్నాను, హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను. ఫోన్ మీద ఫోన్. నాకు రెండు చెవులూ మూసుకుపోయి ఉన్నాయి, ఫోన్ చేసినవాళ్ళ మాట తప్ప ఇంకేమీ తెలియదు. ఒక్క పొరపాటు చెయ్యలేదు. ఉద్యోగం నాదేననుకున్నాను.

గంట అయ్యాక టీమ్ లీడర్ ఫోన్ చేసింది. ఫ్యాను గోల లేదండీ, చాలా బాగుంది, కానీ మీ వెనకాల అరుస్తున్న ఆయనెవరు అని అడిగింది. ఎవరూ లేరన్నాను. ఆవిడ వాదించలేదు. రికార్డింగు పంపించింది.

విన్నాను. ముందు నా గొంతు, రక్తపరీక్షకి ఎప్పుడు రావాలో చెబుతోంది. దాని వెనకాల, తలుపుని చీల్చుకుని, మామగారి గొంతు. "చప్పుడు చెయ్యకండయ్యా, లోపల మా కోడలు ఉద్యోగంలో ఉంది." అది కూరగాయలాయనతో. పైవాటావిడతో, "గట్టిగా మాట్లాడకమ్మా, ఇలా చిన్నగా, నాలాగా చిన్నగా." మధ్యలో ఎవరో పలకరించినట్టున్నారు, వాళ్ళకి ఫ్యాను తనెలా బాగుచేశారో మొత్తం చెప్పారు. నూనె ఇంకడంతో సహా. ఒక్కో ఫోన్‌లోనూ ఆయనే, నాకంటే గట్టిగా.

రేపు ఒక్కసారి మళ్ళీ వింటాం, అదే ఆఖరు అంది టీమ్ లీడర్.

తలుపు విసురుగా తెరిచాను. ఈసారి ఊరుకునేది లేదని నిశ్చయించుకున్నాను. మామగారు కుర్చీలోంచి లేచి, వీధి చివరిదాకా వినపడేలా, "చీమ చిటుక్కుమననివ్వలేదమ్మాయ్" అన్నారు. ఆయన మొహం నిండా సంతోషం. ఈలోగా అత్తయ్య నా రెక్క పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది.

"ఏమీ అనకే. ఆయనకి వినపడదు."

ఫ్యాక్టరీ వదిలిన దగ్గర్నుంచే మొదలైందట. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయట, పక్షులూ, గడియారం అలారం, చంటిపిల్లల ఏడుపూ. తరవాత మెల్లిగా మాటలూ తగ్గాయట. స్క్రూడ్రైవర్ ఎముకకి ఆనిస్తే మాత్రం మిషను లోపలిది తెలుస్తుందట, అందుకే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు. చెవే పెట్టుబడిగా బతికిన మనిషికి ఆ చెవే పోయిందని ఎలా చెప్పను అంది. తనకి తెలుసన్న సంగతి ఆయనకి తెలియకూడదని, ఎవరేమన్నా పనిలో పనిగా అన్నట్టు తనే గట్టిగా ఇంకోసారి అంటూ వచ్చింది. రేపు ఏదో ఒక పని పెట్టి బయటికి పంపేద్దాం, గంటే కదా అంది.

ఆవిడ మీద కోపం పోయింది. కానీ కోపమంతా పోలేదు. రేపు పంపిస్తాం, ఎల్లుండి ఏం చేస్తాం? నా ఉద్యోగం ఒక్క గంటది కాదు. రోజూ ఏదో అబద్ధం చెప్పి ఇంటి యజమానిని వీధిలోకి తోలాలా? ఈ ఇంట్లో అందరూ అందరికీ నూనె పోసేవాళ్ళే, లోపల ఏం పేరుకుందో చూసే మనిషి ఒక్కరూ లేరు. చెబితే ఆయన చిన్నబోతారు, చెప్పకపోతే నా ఉద్యోగం పోతుంది. ఎటు చూసినా నాకే వచ్చింది చావు.

మామగారు వెనక గదిలో స్టూలు మీద కూర్చుని పనిముట్లు తుడుచుకుంటున్నారు. నేను వెళ్ళి కంప్యూటర్ ముందు నిలబడ్డాను. ఆయన మొహం చూడలేక, తెర వైపు చూస్తూనే మొదలుపెట్టాను. రికార్డింగు గురించి చెప్పాను, టీమ్ లీడర్ అన్నది చెప్పాను, ఎలాగో మొత్తం చెప్పేశాను. వెనకనుంచి ఏ జవాబూ లేదు. 

"ఇటు తిరిగి చెప్పమ్మాయ్. నీ మొహం కనపడకపోతే నాకు తెలియదు" అన్నారు.

అంటే ఆయనకి తెలుసు. తిరిగాను. ఒకసారి చెప్పిందే మళ్ళీ చెప్పడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు. "ఫోన్లో వినపడిన చప్పుడు మీ గొంతే మామయ్యగారూ. మీరు చిన్నగా అనుకుంటున్నది చిన్నగా లేదు." ఆయన నా పెదాల వంకే చూస్తున్నారు. చెప్పడం అయిపోయాక కూడా కాసేపు అక్కడే చూశారు. తరవాత చేతిలో ఉన్న పనిముట్టుని, తుడిచిందాన్నే మళ్ళీ తుడిచారు.

"మీ అత్తయ్యకి తెలియనివ్వకు. బెంగపెట్టుకుంటుంది" అన్నారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలాగేనని తలూపాను. పక్క గదిలో అత్తయ్య ఆ మాట వినే ఉంటుంది, పైవాటావాళ్ళు కూడా వినే ఉంటారు. మరి రేపు ఆ గంటసేపు నన్నెక్కడ ఉండమంటావు అని అడిగారు. అదివరకెప్పుడూ నన్ను ఆయన ఇది చెయ్యనా అని అడగలేదు. ఎక్కడికీ వెళ్ళొద్దు, నా ఎదురుగా కూర్చోండి, నేను మాట్లాడుతున్నట్టు కనపడినంతసేపూ మీరు మాట్లాడకండి అన్నాను.

మర్నాడు ఆయన తెల్లచొక్కా వేసుకుని వచ్చారు. కుట్టుమిషను స్టూలుని నా ఎదురుగా లాక్కుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. పరీక్ష ఆయనకే అన్నట్టుంది వాలకం. ఫోన్లు మొదలయ్యాయి. ఆయన నా నోటి మీదినుంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఒక ముసలాయన ఫోన్ చేశారు. కళ్ళ డాక్టరు కావాలి. ఏ రోజు రావాలో చెబితే ఆఁ అన్నారు, మళ్ళీ చెబితే ఇంకో రోజు పేరు చెప్పారు. ఫరవాలేదు తాతగారూ, మళ్ళీ చెబుతాను, నిదానంగా రాసుకోండి అన్నాను. కలం దొరకలేదన్నారు. వెతుక్కోండి, నేనుంటాను అన్నాను. రాసుకున్నది చదివి వినిపించమంటే తప్పు చదివారు. మళ్ళీ మొదటినుంచి చెప్పాను. చివరికి ఆయన అమ్మా, చల్లగా ఉండు అని పెట్టేశారు.

గంట అయిపోయింది. అయిన కాసేపటికి తెర మీద టీమ్ లీడర్ సందేశం వచ్చింది. ఏ చప్పుడూ లేదు, మీరు ఇంటినుంచే చేసుకోవచ్చు, అభినందనలు అని. హెడ్‌ఫోన్ తీసేసి, మామగారి వైపు సరిగ్గా తిరిగి, ఒక్కో మాటా విడివిడిగా, ఉద్యోగం ఉంది మామయ్యగారూ అని చెప్పాను. అర్థమైందన్నట్టు తల ఊపారు. లేచి స్టూలుని దాని చోట పెట్టారు. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఇందాక ఫోన్లో ఆ తాతగారు ఎవరమ్మాయ్? అన్నిసార్లు అడిగినా ఒక్కసారి విసుక్కోలేదు నువ్వు. మీ పుట్టింటివైపు చుట్టమా?"

ఆయనెవరో నాకూ తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.